ఊటీకి ముందు చేతులకు సెలవు

పచ్చళ్లు పట్టేవాళ్ల ముఖం చూసి ఒక వయసు చెప్పినవాళ్లు, చేతులు చూస్తే ఇంకో పదేళ్లు కలుపుతారు. నెల్లూరు మూలాపేటలో మా ఇంటి వెనక వసారానే నా పచ్చళ్ల కార్ఖానా. కార్తీకం నుంచి ఉసిరికాయ, ధనుర్మాసంలో చింతకాయ, సంక్రాంతి దాటాక పండుమిరపకాయ, వీటి మధ్య ఏడాది పొడవునా పొదలకూరు నిమ్మకాయ. ఈ నాలుగింటిలో చేతులకు మేలు చేసేది ఒక్కటీ లేదు. ఫిబ్రవరి నెలాఖరున మా తోడికోడలి కుటుంబంతో కలిసి ఊటీ వెళుతున్నాం. టిక్కెట్లు తీసిన రోజే ఆమె ఫోను చేసి, "అక్కా, వెళ్లే ముందు పార్లరుకు వెళ్లి చేతులు బాగుచేయించుకో, ఫొటోల్లో బాగుంటాయి" అంది. నా మేలు కోరే అంది. కానీ పార్లరు కుర్చీలో గంటసేపు కూర్చుంటే దారికొచ్చే చేతులు కావివి.

వాటి పరిస్థితి ఇది. కుడి బొటనవేలికి, గోరూ చర్మమూ కలిసే మూల దగ్గర నిలువుగా ఒక పగులు. చూడటానికి వెంట్రుకంత ఉంటుంది, ఉప్పు తగిలితే మాత్రం మోచేతి దాకా జివ్వుమంటుంది. చూపుడువేలి గోరు చివర పొరలు పొరలుగా లేచి, చీర మడతపెట్టిన ప్రతిసారీ ఒక పోగును లాగుతుంది. అరచేతులు సున్నం కొట్టిన గోడలా తెల్లబారి ఉన్నాయి, గీతల్లో మాత్రం ఉసిరి నలుపు.

ఆ నలుపు చూసి మురికి అనుకునేవాళ్లున్నారు. కాదు. ఉసిరికాయ వగరుకు కారణమైన టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. మా కత్తిపీట ఇనుపది, అత్తయ్య కాపురానికి వస్తూ తెచ్చుకున్నది. కాయ కోస్తున్న కొద్దీ కత్తిపీట అంచూ నా బొటనవేలూ ఒకే రంగుకు తిరుగుతాయి. స్టీలు కత్తితో కోస్తే ఇంత నలుపు పట్టదు, నిజమే. ఆ కత్తిపీట పదును ముందు స్టీలు కత్తి ఎందుకూ పనికిరాదు కాబట్టి నలుపుకే సిద్ధపడ్డాను.

చింతకాయ ఇంకా మొండిది. పచ్చి కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి జాడీకి ఎత్తుతాం. మూడో రోజు తీసి గింజలూ ఈనెలూ ఏరాలి. అసలు పని ఇదే. పుల్లటి ముద్దలో వేళ్లు దించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఈనె చిక్కేదాకా తడిమి, చిక్కాక గుజ్జు దానికి అంటుకుని పోకుండా మెల్లగా లాగాలి. ఒక ఈనె తీస్తే దాని కింద మరొకటి ఉంటుంది. పూటంతా ఇదే. ఆ ముద్దలో ఉన్నది టార్టారిక్ ఆమ్లం, కల్లుప్పు. పగులున్న వేలితో ఆ పని చేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఒక్క ఈనె మిగిలినా తినేవాళ్ల పంటికి తగులుతుంది, ఆ తర్వాత నాకు ఫోను వస్తుంది.

ఇంత చెప్పాక మీరు నేరం చింతకాయ మీదే మోపుతారు. నేను మోపను. నా చేతులను ఇలా చేసినది పచ్చడి కన్నా పచ్చడి తర్వాతి కడుగుడు. జాడీలకు వేడినీళ్లూ సోడా, రోలుకు పీచు, గిన్నెలకు సబ్బు, చేతికి మళ్లీ సబ్బు. అరచేతుల చర్మంలో చెమట గ్రంథులు బోలెడున్నాయి కానీ నూనె గ్రంథులు అసలు లేవు. ముఖం మీద జిడ్డు పోతే కాసేపటికి మళ్లీ ఊరుతుంది, అరచేతికి ఆ భాగ్యం లేదు. పై పొరలో కణాల మధ్య సన్నటి కొవ్వు పూత ఉంటుంది. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది అదే. వేడినీళ్లూ సబ్బూ కలిసి దాన్ని కరిగించేస్తాయి. చర్మానిది కొద్దిపాటి ఆమ్లగుణం, సబ్బుది క్షారగుణం కావడంతో కడిగిన చాలాసేపటి దాకా చర్మం తన స్థితికి రాదు. పైగా మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. సబ్బు నురగ సరిగా రాదు, వచ్చిన తెట్టు సరిగా వదలదు.

అందుకే క్రీము కొనడానికి ముందు నేను చేసినది జాడీలు కడిగే పని వదిలించుకోవడం. సాయానికి వచ్చే ఆవిడకు కొంత ఎక్కువ ఇచ్చి ఆ పని అప్పగించాను. ఆవిడకూ చేతులున్నాయి కదా అని మీరు అడగకముందే చెబుతున్నాను, లోపల నూలు చేతొడుగులు, వాటిపైన మోచేతి దాకా వచ్చే రబ్బరు చేతొడుగులు ఇచ్చాకే అప్పగించాను. ఒట్టి రబ్బరువి తొడిగితే లోపల చెమట పట్టి చర్మం నానిపోతుంది, ఆ తడి మళ్లీ చేటు. నూలువి చెమట పీలుస్తాయి. మధ్యలో తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత ఉండాలి.

పచ్చడి కలపడం దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "చేత్తో కలపని పచ్చడి పచ్చడేనా?" అని అత్తయ్య. కారం, ఉప్పు, నూనె సమంగా పట్టాయో లేదో వేళ్లకే తెలుస్తుందన్న మాట నేనూ కాదనను. కానీ చివర ఒక్కసారి చెయ్యి పెట్టి చూడటం వేరు, మొదటి నుంచి చేతినే గరిటె చేసుకోవడం వేరు. ఉదయగిరి చెక్క గరిటెలు మన జిల్లావే, నర్ది చెక్కతో చెక్కుతారు. పొడుగు పిడి ఉన్నది ఒకటి తెప్పించి దానితో కలుపుతున్నాను. పులుపుకూ ఉప్పుకూ ఇనుప గరిటె చెడినట్టు చెక్క చెడదు, చేతికి కారమూ అంటదు. రుచి తగ్గిందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అత్తయ్య కూడా అనలేదు, ఒప్పుకోనూ లేదు.

పండుమిరప పట్టేవాళ్లకు ఒక మాట. తొడిమలు తీసి దంచాక చేతులు మండుతుంటే నీళ్ల కింద పెట్టి లాభం లేదు. ఆ మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు వేరుశనగ నూనో నువ్వుల నూనో రెండు చేతులకూ గోళ్ల సందుల దాకా పట్టించి, పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు వాడాలి. ఎక్కువ మంటగా ఉంటే ఇంకోసారి. అంతవరకు కంటి దగ్గరికి చెయ్యి పోనివ్వకండి.

ఇక చిట్కాల సంగతి. మా తోడికోడలు పంపే వీడియోల్లో సగం నిమ్మచెక్కతోనే మొదలవుతాయి. నిమ్మచెక్కకు చక్కెర అద్ది చేతులకు రుద్దితే నలుపు పోతుందట. బస్తాల లెక్కన నిమ్మకాయలు కోసేదాన్ని, నాకే నలుపు పోవాలి మరి! పగిలిన చర్మానికి నిమ్మరసం మంట తప్ప ఇచ్చేది లేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఎండ. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, ఒక్కోసారి బొబ్బలెక్కి, ఆ చోట నల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ వారాలు, నెలలు కూడా ఉంటుంది. నిమ్మకాయ పిండిన చేతులతో మిద్దె మీద ఒరుగులు ఎండబెట్టడానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గోరుచుట్టు లేస్తే వేలికి నిమ్మకాయ తొడగడం మన ఇళ్లలో ఉన్నదే. చల్లగా హాయిగా ఉంటుందేమో కానీ చీము పట్టిన వేలికి డాక్టరే దిక్కు. ఎప్పుడూ తడిలో నానే చేతులకు గోరుచుట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. గోటి మొదట్లో ఉండే సన్నటి పొర తెగితే తడీ సూక్ష్మక్రిములూ లోపలికి పోతాయి. పార్లరులో ఆ పొరనే అందం కోసం కత్తిరిస్తారు. నేను పార్లరుకు వెళ్లనన్నదీ అందుకే.

చేతులకు నేను రాస్తున్నది వాసెలిన్, అంతే. అమెరికాలో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర పంపు కడ్డీలకు పేరుకున్న మైనాన్ని పనివాళ్లు తమ కోతలకూ కాలిన గాయాలకూ పూసుకుంటుంటే చూసి, రాబర్ట్ చీజ్‌బ్రో దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంటు పొందాడంటారు. అంటే మొదటి నుంచీ ఇది పనిచేసే చేతుల మందే. దానికదిగా తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. కాబట్టి పొడి చేతికి రాస్తే సగం ఫలితమే. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, గుడ్డతో అద్ది, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే రాయాలి. పగలు జిడ్డు పనికి అడ్డం కాబట్టి గ్లిజరిన్ ఉన్న మామూలు క్రీము చాలు, ప్రతి కడుగుడు తర్వాతా రాయాలి. రాత్రి వాసెలిన్ దట్టంగా పట్టించి నూలు చేతొడుగులు వేసుకుని పడుకుంటాను. ఫోను చూడటం కుదరదు, అదొక అదనపు లాభం. అత్తయ్య మాత్రం పేరిన నెయ్యి రాయమంటారు. నెయ్యి మంచిదే, కానీ మా ఇంట్లో చీమలు కూడా అదే అభిప్రాయంతో ఉన్నాయి.

గట్టిపడిన చోట్ల, అంటే రోకలి పట్టే అరచేతి మొదట్లో కాయలు కాచిన దగ్గర, యూరియా 10 శాతం ఉన్న క్రీము రాస్తే మెత్తబడుతుంది. యూరియా అనగానే పొలాన్ని తలుచుకోకండి, మన చర్మంలో సహజంగా ఉండేదే. పగుళ్ల మీద మాత్రం చురుక్కుమంటుంది కాబట్టి అవి మానాకే మొదలుపెట్టాలి. చర్మం పై పొర మొత్తం మారడానికి సుమారు 4 వారాలు పడుతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే ఫిబ్రవరి నెలాఖరు ప్రయాణానికి సరిపోతుందన్నది ఈ లెక్కే. ఇది రాస్తున్న వేళకు బొటనవేలి పగులు మూసుకుంది, అరచేతి తెలుపు తగ్గింది.

గోళ్లకు ఆ లెక్క చెల్లదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి చివరికి కొత్త గోరు రావడానికి ఆరు నెలల దాకా పడుతుంది. బయటికి కనిపించే గోరులో ప్రాణం లేదు, దానికి ఏ నూనె పోసినా అది తినేదీ లేదు, మానేదీ లేదు. నీళ్లు పీల్చి ఉబ్బడం, ఆరి కుంచించుకోవడం పదేపదే జరిగి పొరలు విడిపోతాయి. విడిపోయిన పొరను అతికించే మందు లేదు. స్నానం చేసి వచ్చాక, మెత్తగా ఉన్నప్పుడు పొట్టిగా కత్తిరించి, ఆకురాయితో ఒకే వైపుకు రుద్దడమే దారి. గోటి మొదట్లోనూ చుట్టూ ఉన్న చర్మానికి మాత్రం ఏదో ఒక నూనె రోజూ రాస్తే కొత్తగా వచ్చే గోరు నదురుగా వస్తుంది.

మందుల దుకాణంలో గోళ్లకని బయోటిన్ మాత్రలు ఇవ్వబోయారు. ఆ విటమిను లోపం ఉన్నవాళ్లకు పనిచేస్తుంది, ఆ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకుంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షల్లోనూ ఇదే చిక్కు. ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించుకునే నాకు ఆ తలనొప్పి ఎందుకు? గోళ్లు గుంటపడి గరిటెల్లా అవుతుంటే రక్తహీనత ఉందేమో చూపించుకోవాలి. రెండు చేతులూ ఒకే పని చేస్తుండగా ఒక్క చేతికే పొట్టు రాలుతుంటే అది పొడిబారడం కాకపోవచ్చు, ఫంగస్ కావచ్చు. దుకాణదారు చేతికందించే "అన్నిటికీ పనిచేసే" ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అది రాయకూడదు, రోజూ రాస్తే చర్మం పల్చబడుతుంది, ఫంగస్ ఉంటే ముదురుతుంది.

ఉసిరి నలుపు మాత్రం గోళ్ల చివర్లలో అలాగే ఉంది. దానికి నా దగ్గర ఉన్న ఉపాయం గోరింటాకు. ఆషాఢం కాకపోతేనేం, పెరట్లో చెట్టుకు ఆకు ఉంది. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మంలోనూ గోటిలోనూ ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అందుకే చేతి రంగు పోయాక కూడా గోటి రంగు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. నలుపు మీద ఎరుపు పడితే ఎవరూ ఉసిరికాయ గురించి అడగరు. ఆకు రుబ్బి పెట్టుకుని, తీసేశాక చర్మం కాస్త బిగుస్తుంది కాబట్టి నువ్వుల నూనె రాస్తాను. బజారులో నిమిషాల్లో నల్లగా పండే కోన్లు వద్దు. వాటిలో తలరంగుల్లో వాడే పీపీడీ కలిసి ఉండొచ్చు, అది పడనివాళ్లకు చేతులు బొబ్బలెక్కుతాయి.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఫిబ్రవరిలో అక్కడ వానలుండవు, రాత్రిళ్లు గట్టి చలి. చల్లగాలిలో తేమ తక్కువ, మన సముద్రపు గాలికి అలవాటుపడిన చర్మం ఒక్కరోజులో బిగుస్తుంది. అందుకని చేతిసంచిలో వాసెలిన్ చిన్న డబ్బా, నూలు చేతొడుగులు, బండి కిటికీలోంచి పడే ఎండకు సన్‌స్క్రీన్ సర్దాను. మెట్టుపాలెయం నుంచి చిన్న రైల్లో 46 కిలోమీటర్లు వెళ్లాలి, పిల్లలు కిటికీ సీటు కోసం ఇప్పుడే కొట్టుకుంటున్నారు. తోడికోడలు మాత్రం ఒకటే అడిగింది: "అక్కా, దారిలోకి చింతకాయ పచ్చడి ఒక సీసా తెస్తావు కదా?" తెస్తాను, ఈనెలు తీసినది సీసాకు ఎత్తి పెట్టాను.

పండుమిరప ఆర్డర్లు ఇచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. కాయలు తొడిమలతోనే నీడన ఆరబోసి ఉన్నాయి, అందులో కొంత భాగం ఇప్పటికే దంచాం. మిగిలినది మార్చి మొదటి వారంలో.