ఈరీ సరస్సులో వాల్‌ఐ జిగ్గింగ్: ఈ వసంతం సంగతులు

మార్చి ఆఖరు. ఓహయోలో పోర్ట్ క్లింటన్ దగ్గర బావ బోటు నీళ్లలోకి దించాం. ఈరీ పడమటి భాగం లోతు తక్కువ, సగటున పాతిక అడుగుల లోపే. నీళ్లు 43 డిగ్రీల ఫారెన్‌హీట్. వాల్‌ఐ చేపలు రాతి దిబ్బల చుట్టూ గుడ్లకు చేరే కాలం ఇది. ఎండాకాలంలో ఇక్కడ చాలామంది బోటు నడుపుతూ వెనక ఎరలు లాక్కుపోతారు. నాకది కాలక్షేపమే. జిగ్ అయితే పనంతా మణికట్టుదే.

నా సరంజామా: ఆరున్నర అడుగుల మీడియం రాడ్, 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర మూడడుగుల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనపడని దారం). జిగ్ అంటే సీసపు తల, అందులోనే పోతపోసిన కొక్కెం, దాని చుట్టూ ఊదా రంగు వెంట్రుకలు. ఎరకి ఎమరాల్డ్ షైనర్ చేపపిల్ల. కొక్కెం మొనని దాని నోట్లోంచి పెట్టి మొప్పలోంచి బయటికి తీసి, ఒకసారి తిప్పి వీపులోకి గుచ్చుతున్నాను. ఇలా చేస్తే పిల్ల తిన్నగా నిలుస్తుంది, ఊరికే జారిపోదు. తోక దగ్గర చిన్న స్టింగర్ కొక్కెం కూడా తగిలిస్తే, ఎర కొసని మాత్రమే కొరికే చేపలూ దొరుకుతాయి.

ఈసారి బాగా పట్టుబడింది బరువు ఎంచుకోవడం. గాలి నెమ్మదిగా ఉంటే అర ఔన్సు చాలు. బోటు జోరుగా కొట్టుకుపోతుంటే ఐదు బై ఎనిమిది, ఇంకా పెరిగితే ముప్పావు. లెక్కలేం అక్కర్లేదు, దారం చూస్తే తెలిసిపోతుంది: బోటు కింద దాదాపు నిలువుగా దిగాలి. వెనక్కి ఏటవాలుగా పోతోందంటే జిగ్ నేలని వదిలేసిందన్నమాట. అప్పుడు బరువైనా పెంచాలి, లేదా నీళ్లలో డ్రిఫ్ట్ సాక్ (గొడుగులా తెరుచుకునే గుడ్డసంచి) వదిలి బోటు జోరైనా తగ్గించాలి. నా మటుకు సాక్ ముందు.

మొదట్లో నేను రాడ్ ఎత్తి ఎత్తి కొడుతుంటే బావ ఊరుకోలేదు. "బావమరిదీ, ఈ చల్లనీళ్లలో అంత ఎగరేస్తే ఎవడొస్తాడయ్యా పైకి? నేల మీదే ఆడించు!" ఇప్పుడు జానెడు లేపి, రాడ్ కొసని జిగ్‌తో పాటే కిందికి తెస్తున్నాను, దారం బిగువు పోకుండా. ఎందుకంటే ఎక్కువగా జిగ్ దిగేటప్పుడే చేప నోట పెడుతుంది. దారం వదులైతే ఆ 'టక్' చేతికి రాదు. ఒక్కోసారి టక్ కూడా ఉండదు, మళ్లీ లేపబోతే తడిగుడ్డ తగులుకున్నంత బరువు, అంతే. అనుమానం వస్తే రాడ్‌ని చటుక్కున పైకి లాగి కొక్కెం గుచ్చేయడమే.

ఏప్రిల్ రెండో వారం క్యాంప్ పెర్రీ అనే సైనిక శిబిరం ముందున్న దిబ్బలకి వెళ్లాం. ఒడ్డున డేవిస్-బెస్ అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్ దూరానికే గుర్తు. క్యాంప్ పెర్రీలో ఫైరింగ్ రేంజి ఉంది, కాల్పుల వేళలు ముందే కనుక్కుని బయల్దేరాలి. దిబ్బ మీద పదడుగుల నీళ్లలో రాయి టకటకమని తగులుతుంది, పడేవన్నీ చిన్న మగవి. పక్కకి జరిగి ఇరవై అడుగుల్లో జిగ్ మెత్తగా బురదలో కూరుకున్నట్టు అనిపించే చోట, గుడ్లతో బరువెక్కిన ఆడచేపలు. వాటిని వదిలేస్తున్నాం. రూలు ప్రకారం 15 అంగుళాలు దాటినవి మనిషికి రోజుకి ఆరు, అవి మగవాటితోనే నిండుతున్నాయి.

ఈశాన్యం గాలి గట్టిగా వీచాక నీళ్లు కాఫీ రంగుకి తిరిగాయి. ఊదా జిగ్ పక్కనబెట్టి చార్ట్రూస్ (పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ) రంగుది కట్టినా పెద్ద లాభం లేకపోయింది. మబ్బునీళ్లకీ తేటనీళ్లకీ మధ్య గీతలా కనిపించే చోటు వెతుక్కుని వెళ్తే కాస్త నయం.

వాల్‌ఐకి ముళ్లు తక్కువ, తెల్లటి మెత్తని మాంసం. వేపుడుకి భలే. పులుసులో మాత్రం కదిపితే విరిగిపోతుంది, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. బుగ్గల దగ్గరి ముక్కలు తీయడం మర్చిపోకండి.