ఆఫ్‌రోడ్‌కి బూట్లు కొంటున్నారా, ముందు చీలమండ సంగతి చూడండి

బైక్ మీద ఆఫ్‌రోడ్‌లో, అంటే మట్టి, రాళ్ళ దారుల్లో మనం పడేది ఎక్కువగా పది పదిహేను స్పీడ్‌లోనే. రాయి మీద ముందు టైర్ జారుతుంది, అలవాటు కొద్దీ కాలు కింద పెడతాం, బండి సరిగ్గా ఆ కాలి మీదకే ఒరుగుతుంది. హిమాలయన్ 450 అయితే బండే 196 కిలోలు, వెనక లగేజ్ వేరే. హార్డ్ పానియర్లు, అంటే వెనక రెండు పక్కలా తగిలించే గట్టి లగేజ్ డబ్బాలు ఉంటే ఇంకా డేంజర్ అండి, కాలు నేల మీద ఆగిపోయి ఉంటుంది, బండి మాత్రం ముందుకి కదులుతూనే ఉంటుంది, ఆ డబ్బా వెనక నుంచి వచ్చి పిక్కని పట్టేస్తుంది, పాదం అక్కడే ఇరుక్కుని చీలమండ మెలి తిరిగిపోతుంది. ఇలాంటి పడటంలో హెల్మెట్‌కీ జాకెట్‌కీ పెద్ద పని ఉండదు, పనంతా బూటుదే. అందుకే హైవే టూరింగ్ నుంచి మట్టిలోకి దిగుదాం అనుకునేవాళ్ళు ఎవరడిగినా ఫాగ్ లైట్లు, టాప్ బాక్సులు తర్వాత చూసుకోండి, ముందు బూట్లు కొనండి అనే చెప్తాను.

ట్రెకింగ్ షూస్ సరిపోవా అని చాలామంది అడుగుతారు. సరిపోవు. నడవడానికి తయారుచేసిన షూ కాబట్టి మధ్యలో వంగుతుంది, పక్కలకి మెత్తగా ఉంటుంది, మనకి కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. సైట్లలో వేసుకునే స్టీల్ టో సేఫ్టీ షూస్ సంగతి కూడా అంతే, అవి వేళ్ళ వరకే కాపాడతాయి, చీలమండ దగ్గర ఏమీ ఉండదు, పైగా ఆ లావు ముక్కు గేర్ లివర్ కింద దూరదు. లేసులు ఉన్న ఏ బూటైనా లేసు ముడి బయటకి వేలాడుతుంటే వద్దనే అంటాను, అది లివర్‌కి తగులుకుందంటే ఆపాల్సిన టైంకి కాలు కిందకి రాదు.

సరే, ఏది నిజమైన రైడింగ్ బూటో ఎలా తెలుస్తుంది? హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్క్ చూసినట్టు బూటు లోపల లేబుల్ చూడండి, ఎక్కువగా నాలుక దగ్గరో పైఅంచు లోపలో కుట్టి ఉంటుంది. బైక్ మీద కూర్చున్న మనిషి బొమ్మ, దాని కింద ఈఎన్ 13634 అని (రైడింగ్ బూట్లకి యూరప్ వాళ్ళు పెట్టిన ప్రమాణం అది), ఆ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, ఒక్కోటి 1 గానీ 2 గానీ. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఎంతసేపు ఆగుతుందో అది, మూడోది పదునైన వస్తువు తగిలితే తెగకుండా ఎంత ఆపుతుందో, నాలుగోది సోల్‌ని రెండు పక్కల నుంచి నొక్కితే ఎంత బలానికి తట్టుకుంటుందో. మట్టిలో తిరిగేవాళ్ళు ముందు చూడాల్సింది ఈ నాలుగోదే, బండి కింద పాదం నలిగేటప్పుడు అడ్డం నిలబడేది అదే కాబట్టి. అక్కడ 2 ఉంటే మంచిది. వీటితోపాటు ఐపీఏ అని అక్షరాలు ఉంటే చీలమండకి దెబ్బ తగలకుండా ప్యాడ్ టెస్ట్ చేశారని, ఐపీఎస్ అంటే ముందు ఎముకకి, డబ్ల్యూఆర్ అంటే నీళ్ళు ఆపుతుందని. ఊరికే సీఈ అని యూరప్ మార్క్ స్టిక్కర్ అంటించి ఈ అంకెలేవీ లేకపోతే షాపువాళ్ళు ఎంత చెప్పినా నేనైతే నమ్మను.

కానీ ఆ నాలుగు అంకెల్లో ఏదీ చీలమండ పక్కకి మెలి తిరగడాన్ని కొలవదు, ఇది చాలామందికి తెలియదు. నాలుగూ 2 వచ్చిన టూరింగ్ బూటు కూడా పక్కకి మెత్తగా వంగిపోవచ్చు. అది మన చేతులతోనే చూసుకోవాలి. మడమ ఒక చేత్తో, ముక్కు ఇంకో చేత్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు తిప్పండి, తేలిగ్గా తిరిగిందంటే పక్కన పెట్టేయండి. తర్వాత పాదం గట్టిగా పట్టుకుని పైభాగాన్ని లోపలికీ బయటికీ వంచి చూడండి, ముందుకి వెనక్కి కదలాలి, పక్కలకి మాత్రం మొండిగా నిలబడాలి. చీలమండ ఎముక వచ్చే చోట రెండు వైపులా బొటనవేలితో నొక్కండి, లోపల గట్టి కప్పు తగలాలి, ఫోమ్ మాత్రమే తగిలితే అది అలంకారానికే. సోల్ మధ్యలో వంచితే వంగకూడదు, పళ్ళున్న ఫుట్‌పెగ్స్ మీద గంటలు గంటలు నిలబడి నడపాలి కదా, సోల్ లోపల స్టీల్ షాంక్, అంటే గట్టి స్టీల్ పట్టీ లేకపోతే సాయంత్రానికి అరికాలు మంట పెట్టేస్తుంది.

ఇక ఏ రకం అనేది మీరు ఎక్కడ తిప్పుతారో దాన్ని బట్టే. ఆల్పైన్‌స్టార్స్ టెక్ 7 లాంటి మోటోక్రాస్ బూట్లు కాపాడటంలో చాలా పైన ఉంటాయి, గేర్నే ఎస్‌జీ 12, సిడి క్రాస్‌ఫైర్ లాంటి వాటికి చీలమండ దగ్గర ముందుకి వెనక్కి మాత్రమే కదిలే హింజ్ కూడా ఉంటుంది, కాకపోతే వాటితో గుడి మెట్లెక్కడం, ధాబాలో అటూ ఇటూ తిరగడం కష్టం. వికారాబాద్ అడవి దారుల్లో ప్రతి ఆదివారం ఎక్స్‌పల్స్ బండి వేసుకుని తిరిగేవాళ్ళకి అవే కరెక్ట్. ఎక్కువ తారు రోడ్డు, మధ్యలో కొంచెం మట్టి అనుకునేవాళ్ళకి ఫోర్మా అడ్వెంచర్ తరహా బూట్లు బాగుంటాయి, తొడుక్కుని నడవొచ్చు, పక్కలకి గట్టిదనం మాత్రం కొంచెం తగ్గుతుంది. మన దేశంలో ఒరాజో, రైడా లాంటి వాళ్ళవి కూడా ఉన్నాయి, బడ్జెట్ తక్కువైతే వాటితో మొదలుపెట్టడంలో తప్పు లేదు, పైన చెప్పినట్టు పిండి చూసి తీసుకోండి.

వాటర్‌ప్రూఫ్ కోసం ఎక్కువ డబ్బులు పెట్టడం గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. హిమాచల్‌లో గ్రామ్‌ఫూ నుంచి బాతల్ మీదుగా స్పితిలోని కాజాకి వెళ్ళే దారిలో ఎండెక్కాక మంచు కరిగి నాలాల్లో నీళ్ళు పెరుగుతాయి, మధ్యాహ్నానికి పిక్క దాటేస్తాయి. నీళ్ళు బూటు పైనుంచి దిగాయంటే గోర్‌టెక్స్ లాంటి వాటర్‌ప్రూఫ్ పొర వాటిని బయటకి కూడా పోనివ్వదు, ఆ చలిలో బూటు నిండా నీళ్ళతో కుంజుం లా అనే కనుమ ఎక్కాలి. మళ్ళీ మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో అదే పొర వల్ల కాలు ఉడికిపోతుంది. వానకే అయితే ఆ పొర బాగానే పనిచేస్తుంది, వాగులు దాటేవాళ్ళు మాత్రం మామూలు బూటు, లోపలికి వాటర్‌ప్రూఫ్ సాక్స్, సాయంత్రానికి మార్చుకోడానికి ఇంకో జత ఉన్ని సాక్స్ పెట్టుకుంటే మేలు.

సోల్ విషయంలో మన నేలని కూడా చూసుకోవాలి. ఆదిలాబాద్ వైపు పత్తి చేల మధ్య నల్లరేగడిలో వాన పడ్డాక దిగితే లోతు గాడులున్న సోల్ కూడా మట్టితో నిండిపోయి నున్నగా అయిపోతుంది, పెగ్ మీద కాలు జారుతుంది. అలాంటి చోట ఆగినప్పుడల్లా పెగ్ అంచుకి రుద్ది మట్టి దులుపుకోవాలి, బకిల్స్ మధ్యలో ఇరుక్కున్నది కూడా తీసేయాలి, అది ఎండిపోతే బకిల్ మూత పడదు. జిప్ ఉన్న బూట్లకి ఈ మట్టితో ఇంకా ఇబ్బంది, మట్టి రేణువులు పళ్ళలోకి దూరి జిప్ తొందరగా పాడైపోతుంది.

సైజు చూసేది సాయంత్రం పూట, పొద్దున్నుంచి నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. రైడింగ్‌లో వేసుకునే మందం సాక్స్, మోకాలి గార్డ్ రెండూ తీసుకెళ్ళండి, ఆ గార్డ్ కింది అంచు బూటులోకి దూరుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. అడుగు వేస్తే మడమ లేవకూడదు, వాలులో కిందకి నిలబడినట్టు ముందుకి వంగితే వేళ్ళు ముక్కుకి తగలకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే యూరో నంబర్‌ని నమ్మకుండా పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచి ఆ కంపెనీ చార్ట్‌తో పోల్చుకోండి, ఒక్కో బ్రాండ్‌ది ఒక్కో లెక్క.

ఇంటికొచ్చాక వెంటనే ట్రైల్‌కి వెళ్ళకండి. బూట్లు తొడుక్కుని బండి మీద కూర్చుని గేర్ లివర్ కిందకి కాలు దూరుతుందా చూడండి, చాలాసార్లు దూరదు. లివర్‌ని షాఫ్ట్ దగ్గర బోల్ట్ తీసి, షాఫ్ట్ మీదున్న పళ్ళలో ఒక పన్ను పైకి మార్చాలి, బ్రేక్ పెడల్ కూడా కూర్చునీ నిలబడీ రెండు రకాలుగా నొక్కి చూసి సెట్ చేసుకోవాలి, గట్టి బూటులో చీలమండ అంతగా వంగదు కాబట్టి తెలియకుండానే పెడల్ మీద బరువు పడి వెనక బ్రేక్ పట్టేస్తూ ఉంటుంది. తర్వాత ఓ వారం పది రోజులు ఆఫీసుకి, పాలకి, పెట్రోల్‌కి అవే వేసుకుని వెళ్ళండి, గేర్ పడిందో లేదో కాలికి తెలియడం మొదలయ్యాక అప్పుడు మట్టిలోకి దిగండి.