మైత్రేయి ఆగిన చోటు

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో అన్న ఒక వాక్యం వేదాంతంతో కాస్త పరిచయం ఉన్నవారందరికీ తెలిసినదే: "ఆత్మా వా అరే ద్రష్టవ్యః శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః". ఆత్మను దర్శించాలి, అందుకోసం వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసన చేయాలి, అంటే దానిలోనే మనసు నిలపాలి. వీటిలో వినడానికి మనకు కొరత లేదు. తెల్లవారుజామున టీవీ పెట్టినా, బస్సులో ఫోన్ తెరిచినా ప్రవచనాలు వినిపిస్తూనే ఉంటాయి. కళ్లు మూసుకుని కూర్చోవడం నేర్పే ధ్యాన శిబిరాలకూ లోటు లేదు. నడుమనున్న మననం గురించి మాత్రం ఎవరూ అంతగా మాట్లాడరు. ఎన్నేళ్లు విన్నా విన్నది పైపైనే ఉండిపోవడానికి ఈ మెట్టును వదిలేయడమే కారణమని నా గట్టి నమ్మకం.

విన్నదాన్ని మళ్లీ మళ్లీ తలుచుకోవడమే మననమని చాలామంది అనుకుంటారు. అద్వైతాచార్యులు విద్యారణ్యులు తమ వేదాంత గ్రంథం పంచదశి మొదటి ప్రకరణంలో ఇంతకంటే కచ్చితంగా చెప్పారు. ఉపనిషద్వాక్యాల అర్థాన్ని విచారించడం శ్రవణం. ఆ అర్థం సంభవమేనని యుక్తితో పరిశీలించి తేల్చుకోవడం మననం. ఈ రెండింటివల్ల సందేహం తొలగిన అర్థంలో నిలిపిన చిత్తం ఏకతానంగా సాగడం నిదిధ్యాసనం. ఇక్కడ 'సందేహం తొలగిన అర్థంలో' అన్న షరతును గమనించాలి. సందేహాన్ని లోపల అలాగే ఉంచుకుని ధ్యానానికి కూర్చుంటే మనసుకు కొంత విశ్రాంతి దొరకవచ్చు గాని, విద్యారణ్యులు చెప్పిన నిదిధ్యాసనం అది కాదు.

మననం ఎలా ఉంటుందో ఆ సంవాదంలోనే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇల్లు విడిచి వెళ్లబోతూ యాజ్ఞవల్క్యుడు తన ఇద్దరు భార్యలు మైత్రేయికీ కాత్యాయనికీ ఆస్తి పంచుతానంటాడు. ధనంతో నిండిన ఈ భూమి అంతా నాదైనా దానితో అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదు, కలిగినవారి బతుకు ఎలా సాగుతుందో నీదీ అలాగే సాగుతుంది అంటాడాయన. ఈ ఘట్టాన్ని ప్రవచనకారులు చక్కగానే వివరిస్తారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తరువాతి ఘట్టం. నీటిలో వేసిన ఉప్పుగడ్డ కరిగిపోయి తిరిగి చేతికి చిక్కదు, ఏ వైపునుంచి తీసుకుని చూసినా ఉప్పగానే ఉంటుంది. ఆత్మ కూడా అలాగే విజ్ఞానఘనం, అంటే అంతా ఎరుకే అయినది, అని యాజ్ఞవల్క్యుడు చెప్పి, వెంటనే "న ప్రేత్య సంజ్ఞాస్తి", పోయిన తరువాత సంజ్ఞ, అంటే తెలివిడి, ఉండదు, అంటాడు. మైత్రేయి తల ఊపి ఊరుకోలేదు. "అత్రైవ మా భగవానమూముహత్" అంది. సరిగ్గా ఇక్కడే మీరు నన్ను అయోమయంలో పడేశారని. ఇప్పుడే విజ్ఞానఘనం అన్నదానికి అంతలోనే సంజ్ఞ లేకపోవడమేమిటన్నది ఆమె చిక్కు. చెబుతున్నది భర్త, పైగా మహాజ్ఞాని. అయినా పొసగని చోట ఆగిపోయింది, అది తేలేదాకా ముందుకు కదలలేదు. మననమంటే నాకు గుర్తుకు వచ్చేది ఈ ఆగడమే.

ఈ సంవాదం అదే ఉపనిషత్తులో రెండోసారి, నాలుగో అధ్యాయంలో వస్తుంది. అక్కడ ఉప్పు నీటిలో కరగదు. లోపల, వెలుపల అన్న తేడా లేకుండా అంతా ఒకే రుచి అయిన ఉప్పుముద్దగా కనిపిస్తుంది. మైత్రేయి సందేహానికి ఇచ్చిన సమాధానంలోనూ ఈ ఆత్మ అవినాశి, నాశనం లేనిది, అన్న మాట కొత్తగా చేరింది. మొదటి సందర్భంలో ఆగమం (శాస్త్రవాక్యం) ప్రధానం, రెండో సందర్భంలో యుక్తి (తర్కం) ప్రధానం అని శంకరులు వివరించారు. అంటే సందేహానికి ఉపనిషత్తే అంత చోటిచ్చిందన్నమాట. అయితే ఆ నెపంతో శుష్కతర్కానికి తలుపులు తెరవకూడదని కూడా ఆయన బ్రహ్మసూత్ర భాష్యంలో హెచ్చరించారు. శ్రుతికి అనుగుణమై, అనుభవానికి అంగంగా నిలిచే తర్కమే ఇక్కడ పనికొస్తుంది. ఎదుటివారిని ఓడించడానికి చేసే వాదం మననం కిందికి రాదు.

మా వీధిలో ఒక మాస్టారింట్లో వారానికోసారి కొద్దిమందిమి కలిసి ఈ పాఠం చదువుకుంటున్నాం. భర్త భర్త కోసం ప్రియుడు కాడు, ఆత్మ కోసమే ప్రియుడవుతాడు అని యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో అన్న చోటికి వచ్చేసరికి ఒక పెద్దావిడ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, "అయితే మాస్టారూ, నా బిడ్డల కోసం నేను పడ్డ కష్టమంతా నా స్వార్థమేనంటారా?" అని అడిగారు. మాస్టారు నొచ్చుకోకుండా పంచదశి పన్నెండో ప్రకరణం తెరిచారు. అందులో ఒక తండ్రి పసివాణ్ని ముద్దు పెట్టుకుంటుంటాడు; గడ్డం గుచ్చుకుని బిడ్డ ఏడుస్తున్నా మానడు. ఆ ముద్దు బిడ్డ కోసం కాదు, తన కోసమే అంటారు విద్యారణ్యులు. ఆవిడ నవ్వి, ఆ మాట నిజమేనన్నారు. తరువాత మాస్టారు గాఢనిద్ర గురించి చెప్పారు: అక్కడ బిడ్డలూ లేరు, ఆస్తీ లేదు, అయినా అది మనకు ప్రియమే కదా అని. ఆవిడ కాసేపు ఆలోచించి, "నిద్రలో సుఖం ఉందని ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ బిడ్డకు జ్వరమొస్తే ఆ నిద్రే పట్టదు. దాన్నేమంటారు?" అన్నారు.

మైత్రేయి ప్రశ్నకు ఈ ప్రశ్న ఏ విధంగానూ తీసిపోదని నాకనిపించింది. అదే ప్రకరణంలో విద్యారణ్యులు ఆత్మ అన్న మాట మూడు విధాలుగా వాడుకలో ఉందంటారు: కొడుకు గౌణాత్మ (ఉపచారంగా 'నేను' అనుకునేది), దేహాదులు మిథ్యాత్మ (పొరపాటున 'నేను' అనుకునేది), అన్నిటినీ చూస్తుండే సాక్షి ముఖ్యాత్మ (అసలైన 'నేను'). చావు దగ్గరపడినవాడికి ఇల్లు చక్కబెట్టే విషయంలో అక్కరకొచ్చేది కొడుకే గనుక అక్కడ ప్రాధాన్యం గౌణాత్మదేనని కూడా ఆయన ఒప్పుకుంటారు. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన మేలుకుని కూర్చున్న తల్లి తన సుఖాన్ని చూసుకుంటోందని కాదు. ఆ వేళకు బిడ్డే ఆమెకు 'నేను' అయ్యాడని ఈ విభాగాన్నిబట్టి చెప్పవచ్చు. మాస్టారు ఇలాగే చెప్పారు. ఆవిడ సగం ఒప్పుకున్నారు. బిడ్డే 'నేను' అయినప్పుడు దాన్ని గౌణమని తక్కువ చేయడమెందుకన్నది ఆవిడకు ఇంకా తేలలేదు. నిజం చెప్పాలంటే నాకూ తేలలేదు. వచ్చే వారం పాఠం కూడా 'భర్త భర్త కోసం ప్రియుడు కాడు' అన్న ఆ మంత్రం దగ్గరే.