చింత మొద్దు, వంకర కోత, రెండో రంపం

నవంబరు 16, ఆదివారం

వరసగా మూడో ఆదివారం. అదే మొద్దు, అదే వంకర కోత. చైన్ రంపంతో అటునుంచి సగం, ఇటునుంచి సగం కోసుకొస్తే మధ్యలో కలవాల్సిన కోతలు ఈ రోజు కూడా కలవలేదు. టేపు పెట్టి చూస్తే 52 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైనే తేడా. చివరికి చీలలు కొట్టి, గునపం పెట్టి విరగదీయాల్సి వచ్చింది. విరిగిన చోట మెట్టులా నిలబడిపోయింది.

అక్టోబరు 28న మోంథా తుపాను గాలికి, విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర మా మామయ్య తోటలో చింతచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. 2014లో హుద్‌హుద్‌కి మామిడి చెట్లు వరసలకు వరసలు పడిపోయినప్పుడు నిలబడ్డ చెట్టు ఇది. ఆ మామిడి కర్ర కోయడానికే నా చిన్న మెషీన్, అంటే పెట్రోలు చైన్ రంపం, కొన్నాను. 35 సీసీ, 16 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ). పదకొండేళ్లుగా మామిడి, సరుగుడు, జీడిమామిడి కొమ్మలకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈ చింత మొదలు చుట్టుకొలత 7 అడుగుల 7 అంగుళాలు, అంటే అడ్డంగా 29 అంగుళాలు. రెండు వైపుల నుంచి కోస్తే లెక్క ప్రకారం అందాలి. బార్ నిటారుగా దిగితే అందుతుంది. నాది ఎడమకు లాగేస్తోంది.

కొమ్మలు చాలావరకు అయిపోయాయి. మామిడి కర్ర కూడా చీల్చి షెడ్డులో పేర్చేశాను. పెద్దగా మిగిలింది ఈ మాను ఒక్కటే.

వదిలేద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఆనందపురం జంక్షన్ వైపు మటన్ కొట్టు ఆయన ఒక మొద్దు అడిగాడు, 18 అంగుళాల ఎత్తు, రెండు ముఖాలూ సాపుగా ఉండాలన్నాడు. కత్తి దెబ్బలకు పీచు లేవకుండా చింత చేవ నిలబడినట్టు ఇంకేదీ నిలబడదు. అంత మంచి కర్రను మెట్లు మెట్లుగా పాడుచేసి పొయ్యిలో పెట్టాలంటే బాధగా ఉంది.

నవంబరు 18, మంగళవారం, వీక్లీ ఆఫ్

తోటలో పనిచేసే తాత మొన్న ఒక మాట అన్నాడు. "చింత చేవ మెలి తిరిగి ఉంటాది బాబూ, రంపాన్ని అదే లాక్కుపోతాది." కొట్టిపారేసే మాట కాదు. చింత కర్రలో పీచు నిజంగానే అల్లుకుని ఉంటుంది. చీల్చేటప్పుడు గొడ్డలి ఎటు పోతుందో తెలియదు. అందుకని ముందు చెట్టు తప్పా, మెషీన్ తప్పా తేల్చుకోవాలనుకున్నాను.

షెడ్డు పక్కన 12 అంగుళాల మామిడి కొమ్మ ఒకటి పొడుగ్గా మిగిలి ఉంది. పీచు తిన్నగా ఉన్న కర్ర. చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత మీద పైనుంచి కిందికి కోశాను. కింద బయటికొచ్చేసరికి బార్ గీతకు 18 మి.మీ. ఎడమకు పోయింది. కాబట్టి చెట్టు తప్పు కాదు. ఇకమీదట ఏం మార్చినా ఇదే కొమ్మ మీద, ఇదే పద్ధతిలో కొలవాలని నిర్ణయించుకున్నాను.

మొదటి అనుమానం పళ్ల మీద. 55 డ్రైవ్ లింకుల (బార్ గాడిలో నడిచే ముక్కల) చైన్, ఎడమ పళ్లు 14, కుడివి 14. వెర్నియర్‌తో ప్రతి పన్నూ కొలిచి కాగితం మీద రాసుకున్నాను. ఎడమవి సగటున 7.2 మి.మీ., కుడివి 6.4. కుడి పళ్లకు పదును పట్టేటప్పుడు చెయ్యి బలంగా ఆడుతుందేమో, అవే ఎక్కువ అరిగిపోయాయి. పొడుగ్గా ఉన్న పళ్లు ఎటుంటే కోత అటే లాగుతుంది. అన్నింటినీ 6.4కి దించాను. నాలుగు మి.మీ. గుండ్రటి ఆకురాయితో గంటా యాభై నిమిషాలు పట్టింది. పన్ను పొట్టిదయితే రేకర్ (పన్ను ముందుండి, అది ఎంత లోతు కొరకాలో ఆపే బొడిపె) కూడా దించాలి. చూస్తే ఎడమవైపు పన్ను కొనకీ రేకర్‌కీ తేడా 0.35 మి.మీ. మాత్రమే మిగిలింది. చదును ఆకురాయితో 0.65కి తెచ్చాను.

కొమ్మ మీద కోస్తే 14 మి.మీ. అంత కష్టపడ్డాక తగ్గింది నాలుగే.

రెండో అనుమానం బార్ మీద. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో బార్‌ని తిరగేసి పెట్టింది రెండు మూడు సార్లే. ఎప్పుడూ కింది అంచే పని చేసింది. ఇక్కడ ఒక మంచి పరీక్ష ఉంది. చైన్‌ని ముట్టుకోకుండా బార్‌ని మాత్రం తిరగేసి బిగించి కోయాలి. తేడా రాకపోతే తప్పు చైన్‌ది, వస్తే బార్‌ది. తిరగేశాను. 14 కాస్తా 9కి వచ్చింది. కొత్త చైన్ వేసి మళ్లీ కోశాను, 8 వచ్చింది. ఆ ఒక్క మిల్లీమీటరూ నా చేతి తేడా కావచ్చు.

అంటే చైన్ ఇప్పుడు నిర్దోషి.

నవంబరు 23, ఆదివారం

బార్ విప్పి ఇంటికి తెచ్చి, గాజువాకలో మా మేడ మీద ఎండలో కూర్చుని పూర్తిగా కొలిచాను. బల్ల మీద మూలమట్టం పెట్టి చూస్తే పాత కింది అంచులో గాడికి ఎడమ పక్కనున్న పట్టా కుడిదాని కంటే 0.4 మి.మీ. కిందికి ఉంది. చైన్ అటువైపు వాలి నడుస్తోందన్నమాట. గాడి వెడల్పు 1.3 ఉండాలి. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి బ్లేడ్లు) పెడితే ముక్కు దగ్గర 1.3 సరిగ్గా ఉంది, నడుమ దగ్గరికొచ్చేసరికి పాత కింది అంచులో 1.65, పై అంచులో 1.5. గాడి అంత వదులయ్యాక కొత్త చైన్ వేసినా లోపల ఊగుతూనే ఉంటుంది. ఆ 8 మి.మీ. అక్కడిదే.

పట్టాలు దగ్గరకు నొక్కి చూద్దామని గాడిలో 1.3 ఫీలర్ బ్లేడ్లు పెట్టి, దాగలి మీద చిన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వచ్చాను. 1.65 ఉన్నచోట 1.4 వచ్చింది. చదును ఆకురాయితో రెండు పట్టాలూ ఒక మట్టానికి తెచ్చాను. మధ్యాహ్నం తోటకెళ్లి కొమ్మ మీద కోస్తే 3 మి.మీ.! ఆనందం పట్టలేక నేరుగా చింత మాను మీదికి పోయాను. ఇరవై నిమిషాల కోత తర్వాత మళ్లీ లాగడం మొదలుపెట్టింది. విప్పి కొలిస్తే 1.55. మళ్లీ తెరుచుకుపోయింది.

అప్పుడు కనపడింది అసలు సంగతి. నడుమ దగ్గర పట్టా మీద నీలం మచ్చలు. అంటే ఆ ఇనుము కాలి, గట్టిదనం పోయింది. ఇక ఎన్నిసార్లు నొక్కినా నిలవదు. ఎందుకు కాలిందో చూస్తే బార్‌లో ఆయిల్ వచ్చే చిల్లు చింత పొట్టు, జిగురు కలిసి ముద్దకట్టి మూసుకుపోయి ఉంది. అట్టముక్క ముందు బార్ ముక్కు పెట్టి రేజ్ చేస్తే సన్నటి ఆయిల్ గీత మాత్రమే పడింది. చాలామందిలాగే నేనూ చైన్‌కి కాలిన ఇంజిన్ ఆయిల్ పోసేవాణ్ణి. అందులోని మడ్డి కూడా దీనికి తోడైందని నా అనుమానం. ఇక ముందు అది పొయ్యను, ఎవరినీ పొయ్యనివ్వను.

కానీ ఆయిల్ ఒక్కటే కారణం అనిపించడం లేదు. మొదటి ఆదివారం నుంచీ నేను మెషీన్‌ని కర్రలోకి అదుముతున్నాను. దాని బరువుకి దిగదు కాబట్టి, నా భుజం బలం వేశాను. చింత చేవలో పొట్టు రవ్వలుగా రావాల్సింది పిండిలా వస్తోంది. అలా అదిమితే పట్టాల మీద వేడి పుట్టక ఏమవుతుంది? చిన్న మెషీన్‌తో తనకు మించిన పని చేయించాను. పళ్లు, పట్టాలు అరిగి, చిల్లు మూసుకుపోయి చివరికి వంకర కోతగా బయటపడింది.

కొత్త బార్ కొన్నాను. చిన్న మెషీన్ మళ్లీ కొమ్మల పనికే.

నవంబరు 30, ఆదివారం

ఇక రెండోది. మా తోడల్లుడి దగ్గర 58 సీసీ మెషీన్ ఉంది, 22 అంగుళాల బార్, 86 లింకుల చైన్. పేరు రాయను, అలాంటివి అదే ఆకారంలో పదిపేర్లతో దొరుకుతున్నాయి. తెచ్చి 20 అంగుళాల చింత కొమ్మ మొదలు మీద పెట్టాను. నా చిన్నది అదే కోతకు 3 నిమిషాల 40 సెకన్లు, ఇది 2 నిమిషాల 25. బార్ పూర్తిగా కర్రలో మునిగితే గొలుసు ఆగి, క్లచ్ నుంచి పొగ వాసన వచ్చింది. గంటలో మూడుసార్లు చైన్ బిగించాను. 22 అంగుళాల బార్ ఉన్నంత మాత్రాన 22 అంగుళాలు కోసే బలం ఉన్నట్టు కాదు.

తర్వాత పడిన చెట్లు తీసే కాంట్రాక్టర్ ఒకాయన దయతో 72 సీసీ మెషీన్ అరగంట ఇచ్చాడు. అదే కోత 50 సెకన్లు. భుజం అక్కర్లేదు, బరువుకే దిగిపోయింది. పొట్టు గోధుమ నూకలా రాలింది. కోత గీత మీద నిటారుగా వచ్చింది. ఆ అరగంట నాకు పండగే.

అందుకే సీసీలు చూడటం మానేశాను, ఇంజిన్ బలం చెప్పే కిలోవాట్లు చూస్తున్నాను. స్టిల్ ఎంఎస్ 361 కి 59 సీసీ, 3.4 కిలోవాట్లు. హస్క్‌వర్ణా 460 రాంచర్‌కి 60 సీసీ ఉన్నా 2.7 మాత్రమే. 460 చెడ్డదని కాదు, అది పొలం పనికి చేసిన మెషీన్. 361 రోజంతా అడవి పని చేసేవాళ్ల కోసం చేసింది. ఎంఎస్ 250కి 2.3 మాత్రమే, దానికి డబ్బు పెట్టడం దండగ. ఎంఎస్ 382 అయితే 72 సీసీ, 3.9 కిలోవాట్లు. మనసు దాని మీదికే పోతోంది గానీ బార్ లేకుండానే 6.2 కేజీలు, 361 కంటే అరకేజీకి పైగా ఎక్కువ. పొద్దున్నుంచి వంగి కోసేటప్పుడు ఆ అరకేజీ నడుముకు తెలుస్తుంది. ఏడాదికి 29 అంగుళాల మాను నాకు ఒకటి దొరికితే గొప్ప.

ప్రస్తుతానికి 361, 20 అంగుళాల బార్, 72 లింకుల 3/8 అంగుళాల పిచ్ (లింకుల ఎడం) చైన్, 1.6 మి.మీ. గాడి. రెండు వైపుల నుంచి కోస్తే 29 అంగుళాలు సులువుగా అందుతాయి. 24 అంగుళాల బార్ వేసుకోమని కొట్టువాళ్లు అంటారు. వద్దు. పొడుగు బార్ అంటే పదును పట్టాల్సిన పళ్లు ఎక్కువ, మట్టిలో ముక్కు తగిలే ప్రమాదం ఎక్కువ. ఈ చైన్‌కి ఆకురాయి కూడా వేరే, 5.2 మి.మీ. చిన్నదానిది దీనికి పనికిరాదు. రెండు డబ్బాల మీదా పెయింటుతో రాసి పెట్టాలి.

పెట్రోలు సంగతి ఒకటి. సముద్రపు తేమకు తోడు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెడుతున్నాను. ఖరీదైన మెషీన్ వచ్చాక ఈ పని అస్సలు మానకూడదు.

డిసెంబరులో చీటీ డబ్బులు చేతికొస్తాయి. ఈలోగా డాబాగార్డెన్స్ వైపు వెళ్లి 1.6 చైన్లు, 20 అంగుళాల బార్‌లు ఊళ్లోనే దొరుకుతాయో, ఆర్డర్ మీద తెప్పించాలో అడగాలి. దొరకకపోతే 18 అంగుళాల బార్‌తో సరిపెట్టుకుంటాను. మాను కింద రాళ్లు పెట్టి నేలకు నాలుగంగుళాలు లేపాను, చివర కోసిన ముఖాలు పగలకుండా తడి గోనెసంచులు కప్పాను. మటన్ కొట్టు ఆయనకు సంక్రాంతి దాటాక ఇస్తానని చెప్పాను. మెట్లుగా విరిగిన మూడు ముక్కలు మాత్రం భోగి మంటకు పక్కన పెట్టేశాను.