ఎనిమిది ముక్కల చాక్లెట్టు

మా పాపకు ఏడేళ్ళు. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పాప ప్రతి ముద్దనూ ఎడమ దవడకే తోసుకుని నములుతోందని గమనించి, నోరు తెరిపించి ఫోను టార్చి వేసి చూశాను. కుడివైపు కింద, చివరి నుంచి రెండో పంటి మీద సూది మొనంత నల్లటి చుక్క, దాని చుట్టూ సున్నం పూసినట్టున్న తెల్లటి మచ్చ కనిపించాయి. ఇంత చిన్న చుక్కకు నొప్పి ఎందుకు వస్తుందా అనుకుంటూనే మరునాడు దంతవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఎక్స్‌రేలో చూస్తే పైన సూది మొనంత ఉన్నది లోపల శనగ గింజంత గుంటగా విస్తరించి ఉంది. పైపొర అయిన ఎనామెల్ గట్టిది కాబట్టి దానిలో పుచ్చు నెమ్మదిగా దిగుతుందనీ, కింద ఉన్న మెత్తటి పొరను చేరిన తర్వాత త్వరగా పక్కలకు పాకుతుందనీ ఆమె వివరించారు.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నే నాచేత ఇది రాయిస్తోంది. "రోజుకు ఎన్ని చాక్లెట్లు తింటుందని అడగడం లేదమ్మా, రోజులో ఎన్నిసార్లు తింటుందో చెప్పండి" అన్నారు. నేను జవాబు చెప్పలేక పక్కనే కూర్చున్న మా నాయన వైపు చూశాను.

తిరుపతిలో ఇల్లున్న వాళ్ళకు బంధువుల రాకపోకలకు కొదవ ఉండదు. దర్శనానికి వచ్చే ప్రతివారూ పాప కోసం ఒక చాక్లెట్టు పట్టుకొస్తారు, వెళ్ళేటప్పుడు మేము లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టి పంపుతాము. అలా ఫ్రిజ్‌లో పేరుకున్న చాక్లెట్లకు కాపలాదారు మా నాయనే. ఒకేసారి తినేస్తే పాపకు మంచిది కాదన్న జాగ్రత్తతో, ఆయన ఒక పెద్ద చాక్లెట్టును చాకుతో ఎనిమిది ముక్కలు చేసి, పొద్దున పాలు తాగాక ఒకటి, ఆడుకుని వచ్చాక ఒకటి, లెక్కలు పూర్తి చేస్తే ఒకటి, ఇలా రాత్రి పడుకునే వరకు పంచేవారు. ముక్క ఇచ్చిన ప్రతిసారీ వెండికాగితాన్ని గోటితో గీతలు దిద్దుతూ మళ్ళీ మడిచి డబ్బాలో పెట్టేవారు. పాప ఆ ముక్కను నమలకుండా బుగ్గన పెట్టుకుని, కరిగేదాకా చప్పరించేది. రోజంతటికీ కలిపి తిన్నది ఒక్క చాక్లెట్టే కదా అని మేమందరం సంతృప్తిగా ఉన్నాము.

పళ్ళ లెక్క వేరేగా ఉంటుంది. పంటి మీద పేరుకునే పాచిలో ఉండే బాక్టీరియా మనం తిన్న చక్కెరను తాను తిని, ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. వాటిలో ముఖ్యమైనదాని పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పంటి ఉపరితలం మీద పీహెచ్ విలువ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే కిందికి పడిపోతుంది, అప్పుడు ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి పంటికి అందించగలదు, కానీ అందుకు సుమారు అరగంట నుంచి గంట వరకు దానికి వ్యవధి కావాలి. ఎనిమిది ముక్కలను ఒకేసారి తింటే పంటికి ఒక దెబ్బ తగులుతుంది, ఎనిమిది సార్లుగా తింటే ఎనిమిది దెబ్బలు తగులుతాయి. వాటిలో చివరిది పడుకునే ముందు తిన్నదైతే మరీ ప్రమాదం, ఎందుకంటే నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది.

ఈ సంగతి నిర్ధారణ అయిన తీరు మాత్రం బాధ కలిగిస్తుంది. స్వీడన్‌లో లుండ్ పట్టణం దగ్గరి విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో, 1940లలో మొదలుపెట్టి కొన్నేళ్ళపాటు, మానసిక వైకల్యం ఉన్న రోగులకు వారి సమ్మతి లేకుండా రకరకాల తీపి పదార్థాలు పెట్టి పళ్ళను పరీక్షించారు. భోజనంతో పాటు తీసుకున్న తీపి కంటే, భోజనాల మధ్య తిన్న జిగట టాఫీలు పళ్ళను ఎంతో ఎక్కువగా పుచ్చబెట్టాయి. అభాగ్యుల పళ్ళు పాడుచేసి సంపాదించిన జ్ఞానం ఇది, కనీసం దాన్ని మనం వృథా చేయకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక్కడ మన మాట గురించి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో చాక్లెట్టు అంటే కాగితం చుట్టిన తీపి ఏదైనా కావచ్చు. కోకోతో చేసినదీ చాక్లెట్టే, కొట్టువాడు చిల్లర లేదని చేతిలో పెట్టే పిప్పరమెంటూ చాక్లెట్టే, పళ్ళకు అతుక్కుపోయే టాఫీ కూడా చాక్లెట్టే. పంటికి మాత్రం ఇవి మూడూ ఒకటి కావు. కోకో కొవ్వు నోటి వేడికే కరుగుతుంది కాబట్టి అసలు చాక్లెట్టు టాఫీ కంటే త్వరగా నోటిని వదులుతుంది. పుట్టింటి నుంచి మా అవ్వ పంపే మామిడి తాండ్ర పండుతో చేసినదే అయినా, దవడ పంటి గాళ్ళలో ఇరుక్కుని నాలుకకు కూడా ఊడిరాకుండా ఉంటుంది. ఆ మాట అవ్వతో చెప్పడానికి నాకు మనసు రాలేదు. తాండ్ర పంపడం మానమనలేదు గానీ, పాపకు అన్నం తిన్న వెంటనే తప్ప వేరే వేళల్లో పెట్టడం మానేశాను.

నల్ల చాక్లెట్టు పళ్ళకు మేలు చేస్తుందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. కోకోలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు బాక్టీరియా పంటికి అతుక్కోవడాన్ని కొంతవరకు అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో గమనించిన మాట నిజమే, అయితే ఆ గుణం కోకోది, అందులో కలిపిన చక్కెరది కాదు. పిల్లలు ఇష్టపడే పాల చాక్లెట్టు బరువులో దాదాపు సగం చక్కెరే ఉంటుంది. ఒకేసారి తినడం మంచిదన్నాను కదా అని ఎంతైనా తినవచ్చని అనుకోకూడదు. రోజంతా మనకు అందే శక్తిలో విడిగా కలిపిన చక్కెరల వంటివాటి వాటా 10 శాతానికి మించకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అని మాకు ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పాపకు పుచ్చిన ఆ పాల దవడ పన్ను పది, పన్నెండేళ్ళ వరకు ఉండవలసినది. దాన్ని ముందే తీసేస్తే ఆరేళ్ళప్పుడు దాని వెనక వచ్చిన శాశ్వత దంతం ముందుకు ఒరిగి, కొత్తగా రావలసిన పంటికి చోటు లేకుండా చేస్తుంది. అందుకే తీయకుండా, లోపల శుభ్రం చేసి మందు నింపి స్టీలు క్యాపు వేశారు.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ మా నాయన, "ఒకేమారు తింటే ఒంటికి మంచిది కాదనే గదమ్మా నేను కొంచెం కొంచెం ఇచ్చింది" అన్నారు. ఆయన గొంతు వణికింది. మీ తప్పు కాదు నాయనా, నాకూ తెలియదు కదా అని చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే రెండు ముక్కలు పాపకు ఆయనే ఇస్తారు, తినగానే నీళ్ళు పుక్కిలింపజేస్తారు. ఆమ్లంతో మెత్తబడిన ఎనామెల్ అరిగిపోకుండా ఉండడానికి అరగంటైనా ఆగితేనే బ్రష్ పట్టుకోనిస్తారు. రాత్రి పడుకునే ముందు బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో నేను తోముతాను, నురుగు ఉమ్మేశాక ఫ్లోరైడ్ పంటి మీద నిలవడానికి నీళ్ళతో ఎక్కువగా పుక్కిలించనివ్వను. వెనక కొత్తగా వచ్చిన నాలుగు దవడ పళ్ళ మీది గాళ్ళు లోతుగా ఉన్నాయని, వాటిలో తీపి నిలవకుండా సీలెంటు పూయించమని డాక్టరమ్మ చెప్పారు. దసరా సెలవులు ఇవ్వగానే పాపను తానే తీసుకువెళ్తానని మా నాయన క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు.