ఉగ్గాని, చిన్న బ్రష్

చిగుళ్ల ట్రీట్‌మెంట్ తర్వాత ఇవాళ మూడు నెలల చెకప్. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని, బయల్దేరే ముందు అద్దం దగ్గర చిన్న బ్రష్ తీశాను. సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేస్తే ఎట్లుంటుందో అట్లుంటుంది. కింది పళ్ల సందులో దూర్చి లాగితే ఒక బొరుగు ముక్క, దాని వెంటే మిరపగింజ. అప్పటికే మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు తోమాను!

చిగుళ్లకు ట్రీట్‌మెంట్ కాకముందు ఈ సందులు కనబడేవి కావు, గార నిండి ఉండేది. అది పోయి, వాపు తగ్గేసరికి పళ్ల మధ్య నల్లగా కిటికీలు తెరుచుకున్నాయి. మొదట్లో చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. "బాగున్న పళ్లు చెడగొట్టుకొచ్చినావు" అంటుంది అమ్మ. డెబ్బై దాటినా యాపపుల్ల తప్ప ఏదీ ఎరగదు, పళ్లు గట్టిగా ఉన్నాయి. ఆమెకు షుగర్ లేదు, నాకుంది. అంతకుమించి వాదించను.

అసలు టెన్షన్ ముందు పళ్ల మీది గోధుమరంగు మరకలతో. మళ్లీ గార పట్టిందనుకున్నా. డాక్టరమ్మ చూసి, "మౌత్‌వాష్ ఎన్ని రోజులు వాడారు?" అన్నారు. రెండు వారాలు చాలన్న క్లోర్‌హెక్సిడిన్‌ని నెలన్నర పుక్కిలించాను, సీసాలో మిగిలింది కదా అని. ఆ మందు ఎక్కువ రోజులు వాడితే మరకలు పడతాయంట, టీ తోడైతే చెప్పనక్కర్లేదు. పాలిష్ చేస్తే పోయాయి.

తర్వాత గీతలున్న సన్నటి కడ్డీతో పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలుస్తూ అంకెలు చెప్పారు. మూడు, రెండు, మూడు... టెన్త్ మార్కులు వింటున్నట్టే ఉంది. మూడు మిల్లీమీటర్లలోపైతే మంచిదే. ఆరున్న చోట నాలుగైంది. పై వరుసలో ఎడమవైపు చివరి దవడ పన్ను మాత్రం ఐదు దగ్గరే మొండికేసింది, రక్తం కూడా వచ్చింది. అక్కడికి బ్రష్ చేరడం లేదంట. నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుంటుంది, సగం మూసి తోమండి అని చూపించారు. ఇన్నేళ్లూ కొండచిలువలా నోరు తెరిచి తోముకున్నాను.

వస్తూ రాజ్‌విహార్ దగ్గర మందుల షాపులో చిన్న బ్రష్ అడిగితే కుర్రాడు టూత్‌పిక్‌లు చేతిలో పెట్టాడు. వేళ్లతో అభినయం చేస్తే గానీ అర్థం కాలేదు.

రాత్రి నోరు సగం మూసి తోముతుంటే అమ్మ తొంగిచూసి, "దవడ పట్టేసిందా నాయనా?" అంది. నురగతో ఏం చెప్పను, తల అడ్డంగా ఊపాను. ఉమ్మితే తెల్లటి నురగలో సన్నటి ఎర్ర గీత. ఆ మూలదే.