గ్లాసు వేరు, నెయిల్ కట్టర్ మాత్రం ఒక్కటే

మోకాలి ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ సి, అంటే లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు, ఉన్నట్టు తేలింది. హనుమకొండలో పేరున్న ఆసుపత్రే. రిపోర్టు ఇచ్చే అబ్బాయి అందరి ముందు నన్ను కేకేసి పిలిచి, "మీ ఆయనకు బయటి అలవాట్లేమన్న ఉన్నయా అమ్మా?" అన్నాడు. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. ఆ మాట ఇప్పటికీ కడుపులో మండుతూనే ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికే కబురు అందింది. మా ఆడబిడ్డ నా స్టీలు గ్లాసుకు ఎర్రదారం కట్టి వేరే పెట్టింది. "పిల్లను పక్కల పండవెట్టుకోకు" అంది. రోజూ నా పొట్ట మీద చెయ్యేసి పడుకునే మనవరాలు ఆ రాత్రి పక్క గదిలో ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నేను ఫోన్‌లో లివర్ సిర్రోసిస్, క్యాన్సర్ అంటూ చదువుకుంటూ కూర్చున్నాను. మా ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. గురక లేదు, అంటే ఆయనకూ నిద్ర లేదన్నమాట. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మర్నాడు కోడలు నన్ను లివర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చల్లగుండాలి. మొదట అడిగిందే, "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని. 1993లో కొడుకు పుట్టినప్పుడు ఎక్కించారు. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో. మన బ్లడ్ బ్యాంకుల్లో దీని పరీక్ష తప్పనిసరి అయ్యింది 2000 దాటాక. లేదంటే మా ఊరి ఆర్ఎంపీ అందరికీ వాడిన సూది వల్లనో. ఇక ఎవరిని తిట్టాలి?

ఇది రక్తం ద్వారా అంటుతుందట. కలిసి తింటే, గ్లాసు పంచుకుంటే, పిల్లను ముద్దాడితే అంటదు. బ్లేడు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలన్నాడు. మా కిటికీ దగ్గర వేలాడే నెయిల్ కట్టర్ ఇంటిల్లిపాదికీ ఒక్కటే! మా ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాం, ఎవరికీ లేదు. భద్రకాళి అమ్మవారి దయ.

మొదటి పరీక్షలో యాంటీబాడీలే, అంటే వైరస్ మీద పోరాడేందుకు ఒంట్లో తయారయ్యేవే, తెలుస్తాయి. కొందరికి వైరస్ దానంతటదే పోయినా అవి ఉంటాయి. వైరస్ ఒంట్లో ఉందో లేదో ఆర్ఎన్ఏ పరీక్షే చెప్పాలి. నాకు ఉంది. ఆడబిడ్డ పసరు మందు తెచ్చింది, తాగలేదు. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు 12 వారాలు వేసుకున్నాను. 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితం. నీరసం, తలనొప్పి తప్ప పెద్ద ఇబ్బంది లేదు. మందులు ఆపిన 12 వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ లేదు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నయమైనా మొదటి పరీక్ష సాధారణంగా పాజిటివ్ అనే చూపిస్తుంది, అందుకే ఆర్ఎన్ఏ రిపోర్టు పారేయకండి. దీనికి టీకా లేదు, మళ్లీ సోకదన్న గ్యారంటీ కూడా లేదు.

మా ఆడబిడ్డకు 1998లో గర్భసంచి ఆపరేషన్ చేసినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. "నువ్వూ ఒకసారి చూపించుకో వదినె" అంటే, "నాకేమైంది, మంచిగనే ఉన్న కదా" అంటోంది.